ఏడుసార్లు హెచ్చరించాను

"నాతో ఒక్కసారైనా మాట్లాడేవా అన్నయ్యా? అది సెప్పు సాలు."

సత్యప్రకాష్ ఈ మాట అడగడం ఇది మూడోసారి. భోజనాల బల్ల మీద రెండు నోటీసులు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. ఒకటి అతని పేర, రెండోది దయాకర్ బాబు పేర. నిన్న ఒకే పోస్టుమాన్ చేతి మీదుగా నర్సీపట్నంలో ఆ తోడల్లుళ్ళిద్దరి ఇళ్ళకీ చేరాయి.

దయాకర్ బాబు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

వాళ్ళిద్దరి మధ్యా, పెద్దకూతురి దగ్గరే ఉంటున్న అత్తగారు ప్రేమావతి గారు కూర్చుని ఉంది. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. ఏ పిల్లవాడు అబద్ధమాడుతున్నాడో మొహం చూసి చెప్పేసేది. ఆవేళ ఆమె ఇద్దరల్లుళ్ళలో ఎవరి మొహమూ చూడలేదు. బల్ల మీది కాగితాలే చూస్తోంది.

పెద్దకూతురు రాచెల్ వంటింటి గుమ్మంలో నిలబడింది. దయాకర్ బాబు భార్య. చిన్నకూతురు ఎస్తర్ రాణి మొగుడి కుర్చీ వెనక నిలబడింది. వచ్చి అరగంటైనా కూర్చోలేదు. అక్క ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

షేర్ మార్కెట్ని కాపలా కాసే ముంబై ఆఫీసు పంపిన ఆ నోటీసుల్లో ఉన్నది ఇదీ. జూనియర్ కాలేజీలో కామర్స్ పాఠాలు మానేసి, సత్యప్రకాష్ ఇంట్లోనే కూర్చుని షేర్ల వ్యాపారం చేస్తున్నాడు. అతని ఖాతా ఉన్నది దయాకర్ బాబు ఆఫీసులో. విశాఖపట్నంలోని ఒక బ్రోకింగ్ కంపెనీకి ఈ ఊళ్ళో దయాకర్ బాబే ఏజెంటు. పదకొండు నెలలపాటు సత్యప్రకాష్ దొంగ ఆర్డర్లు పెట్టి రేట్లు ఎక్కించాడని, దించాడని అభియోగం. ఏడుసార్లు స్టాక్ ఎక్స్ఛేంజీ వాళ్ళు అనుమానపడి కంపెనీని అడిగారు. కంపెనీ మెయిల్ పెట్టి దయాకర్ బాబుని అడిగింది. ఏడుసార్లూ దయాకర్ బాబు ఒకటే జవాబు రాశాడు. 'క్లయింటుని పిలిచి మాట్లాడాను. హెచ్చరించాను. ఖాతా ఆపనవసరం లేదు.'

ఆ జవాబు ఇద్దరికీ ఉరితాడైంది. ఏడుసార్లు చెప్పినా మానలేదు కనక సత్యప్రకాష్ కావాలనే చేశాడన్నారు. ఏడుసార్లు తెలిసీ ఆపలేదు కనక దయాకర్ బాబు కూడా ఆ తప్పులో వాటాదారే అన్నారు.

"ఇంతకీ నువ్వు సేసిన పనేటి బాబూ? నాకు తెలిసే మాటల్లో సెప్పు," అంది ప్రేమావతి గారు చిన్నల్లుడితో.

సత్యప్రకాష్ బల్ల అంచు గోటితో గీస్తూ నెమ్మదిగా చెప్పాడు. రోలుగుంటలో ఒకడి దగ్గర పది బస్తాల జీడిపిక్కలున్నాయనుకోండి అత్తయ్య గారూ, అన్నాడు. రేటు లేదు. వాడే ఎవరిచేతో వెయ్యి బస్తాలు కొంటానని సంతంతా కబురు పెట్టించాడు. పెద్ద బేరగాడు దిగాడని చిన్న వ్యాపారులంతా ఎగబడ్డారు, రేటు లేచింది. ఆ రేటుకి వాడు తన పది బస్తాలూ అమ్మేసుకున్నాడు. అమ్మగానే వెయ్యి బస్తాల కబురు వెనక్కి తీసుకున్నాడు. కంప్యూటర్లో ఇదంతా నిమిషంలో అయిపోతుంది.

"మరి ఆ రేటుకి కొన్నోళ్ళు?"

"మునుగుతారండి."

ప్రేమావతి గారు కళ్ళు మూసుకుంది. ఆవిడ ప్రార్థన చేసుకుంటోందో, కోపం దిగమింగుకుంటోందో ఎవరికీ తెలియలేదు.

"నేను తప్పు సేసేను. కాదన్ను," అన్నాడు సత్యప్రకాష్. "అందరూ సేస్తన్నారు, ఎవుడు సూస్తాడనుకున్నాను. గానీ మొదటిసారే అన్నయ్య ఒక్క ఫోన్ కొట్టుంటే మానీసుందును. ఏడుసార్లు సెప్పేనని రాసేడు. ఒక్కసారీ సెప్పలేదు."

అప్పుడు రాచెల్ గుమ్మం దాటి ముందుకొచ్చింది. ఆమె మాటలు అంతసేపూ గొంతులో కాచుకుని ఉన్నాయి. దొంగ ఆర్డర్లు పెట్టింది ఎవరు, నిలదీస్తున్నది ఎవరినని అడిగింది. ఆయన ఆ నాలుగు ముక్కలూ రాయకపోతే పది నెలల క్రితమే ఖాతా మూసేసేవారు, ఆ కొత్త ఇల్లు పునాదుల్లోనే ఉండిపోయేది అంది. తోడల్లుడని కడుపులో పెట్టుకుని దాచినందుకు ఇదా మర్యాద అంది.

"అక్కా, ఇల్లెందుకొచ్చింది ఇందులో?" అంది ఎస్తర్ రాణి.

"ఎందుకు రాదు?"

ఎస్తర్ రాణి అక్కని అలా చూస్తూనే ఉండిపోయింది. ఆ చూపులో కోపం లేదు. చిన్నప్పటి నుంచీ తెలిసిన దాన్నే మళ్ళీ ఒకసారి చూసినట్టుంది. అది రాచెల్ భరించలేకపోయింది.

సత్యప్రకాష్ తన నోటీసు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, శుక్రవారంలోగా ఇద్దరూ జవాబు రాయాలని మాత్రం గుర్తుచేశాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా దయాకర్ బాబు కుర్చీలోంచి కదల్లేదు.

---

చెల్లెలి మీద తనకున్నది అసూయ అని రాచెల్ ఎవరితోనూ ఒప్పుకోలేదు. తనతోనైనా ఒప్పుకోలేదు.

సంఘం వాళ్ళ చర్చికి ముందు పోర్టికో కట్టించింది సత్యప్రకాష్. రాతి మీద ఎస్తర్ రాణి పేరుంది. రెండేళ్ళుగా ఆదివారం ఆరాధనకి రాచెల్ పక్క గుమ్మంలోంచే లోపలికి వెళ్తోంది. మోకాళ్ళ నొప్పులు, ఆ మెట్లు ఎక్కలేను అని చెప్పుకుంది. పక్క గుమ్మానికీ అవే మెట్లున్నాయని ఎవరూ అనలేదు. స్త్రీల సమాజానికి ఎనిమిదేళ్ళు ఆమె కార్యదర్శి. పోయినేడు పాస్టరమ్మ గారు, నీకు ఆరోగ్యం బాగోటంలేదు కదా రాచెల్, అని ఆ పని ఎస్తర్‌కి ఇచ్చింది. రిజిస్టరు అప్పగించేటప్పుడు రాచెల్ నవ్వింది. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు.

నిన్న పోస్టుమాన్ సంతకం పెట్టించుకుంటూ, చిన్నమ్మ గారింటికి కూడా ఇలాంటి నోటీసే ఉందండి, ముంబై నుంచి, అన్నాడు. కవరు తెరవకముందే రాచెల్ లోపల ఏదో చల్లగా పాకింది. ఎండలోంచి నీడకి వచ్చినట్టు. ఆ చల్లదనం ఒక్క నిమిషమే ఉంది. తరవాత కవరు మీద భర్త పేరు చూసుకుంది.

ఆ శనివారం సాయంత్రమే విశాఖ వకీలు ఫోన్ చేశాడు. బ్రోకరంటే ఆర్డరు పోయే గొట్టం కాదండి, గుమ్మం దగ్గర మనిషి, అన్నాడు. లోపలికి ఎవరు ఏ పని మీద పోతున్నారో చూడాల్సిన మనిషి. మీరు నిజంగా హెచ్చరించారని రుజువైతే, జాగ్రత్త చాల్లేదన్న మాటతో, జరిమానాతో బయటపడొచ్చు. హెచ్చరించకుండానే హెచ్చరించానని రాశారని తేలితే మాత్రం లైసెన్సు పోతుంది, కేసూ అవుతుంది. అవతలాయన సంగతి దీనికి తిరగేసి. ఎవరూ హెచ్చరించలేదని తేలితే ఆయన శిక్ష తగ్గుతుంది. ఆఫీసులో దీని తాలూకు కాగితాలేమైనా ఉన్నాయా?

"ఏటీ లేవండి," అన్నాడు దయాకర్ బాబు.

రాచెల్ ఆ మాట విని రుజువు తనే వెతకాలనుకుంది. ఫోన్ రిజిస్టరో, డైరీలో ముక్కో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది తీసుకెళ్ళి చెల్లెలి బల్ల మీద పెట్టి, ఇదిగో సూడు అనాలి. తను వెతుకుతున్నది భర్తని కాపాడ్డానికే అనుకుంది.

---

సోమవారం పొద్దున్నే దయాకర్ బాబు విశాఖ బస్సెక్కాడు, కంపెనీ వాళ్ళని కలవడానికి. పది దాటాక రాచెల్ మెయిన్ రోడ్డులో మందుల షాపు మేడ మీదున్న ఆఫీసుకి వెళ్ళింది.

అక్కడ ఆర్డర్లు కొట్టే మనిషి సత్యలక్ష్మి. నాతవరం నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తుంది. ఆరేళ్ళుగా ఆ కంప్యూటరు ముందే ఉంది. మేడమ్ రావడం చూసి కుర్చీ ఇచ్చింది. రాచెల్ అడిగింది విని, తల దించుకుని కాసేపు కీబోర్డు మీద దుమ్ము తుడిచింది.

మొదటిసారి మెయిల్ వచ్చినప్పుడు తనే అడిగిందట, సత్యప్రకాష్ సార్‌కి ఫోన్ చేసి చెప్పమంటారా అని. దయాకర్ బాబు వద్దన్నాడట. రెండోసారీ అడిగిందట. నీకెందుకమ్మా అన్నాడట. మూడోసారి నుంచి అడగడం మానేసింది. కంపెనీ వాళ్ళు తమకి తామే ఖాతా ఆపేస్తామని రెండుసార్లు ఫోన్ చేస్తే, అక్కర్లేదు, నాది పూచీ అన్నది కూడా ఆయనేనట.

"సుట్టాలు కదా, కాపాడతన్నారేమో అనుకున్నాను మేడమ్," అంది సత్యలక్ష్మి. "గానీ ఆయన ఆర్డర్లు నడిసేటప్పుడు సార్ కుర్చీ లాక్కుని స్క్రీనుకాడే కూకునేవోరు. టీ ఎట్టినా తాగేవోరు కాదు. గొలుగొండ మన్మథరావు గారని సెరుకు రైతు, ఇదిగో ఈ బెంచీ మీదే కూకుని, రేటు లెగిసిపోతందని ఆ సేర్లే కొన్నారు. సార్ పక్కనే ఉన్నారు. కొనొద్దని ఒక్కమాట అన్లేదు. ఆ తరవాత మన్మథరావు గారు మళ్ళీ ఈ మెట్లెక్కలేదు."

ఆమె లేచి బీరువా అడుగు అరలోంచి ఒక ఆకుపచ్చ ఫైలు తీసింది. సార్ ఇవి ప్రింట్లు తీయించి దాచుకున్నారని, వకీలు గారికి పనికొస్తుందేమో చూడమని ఇచ్చింది.

రాచెల్ అక్కడే తెరిచింది.

ఏడు కాగితాలు. ఒక్కోదాని మీద ఒక్కోరోజు సత్యప్రకాష్ పెట్టిన ఆర్డర్లు, తీసేసిన ఆర్డర్లు వరసగా ఉన్నాయి. తీసేసినవాటి కింద ఎర్రగీతలున్నాయి. అంచు మీద దయాకర్ బాబు చేతిరాత. ఆయనకి బైబిలు అంచుల మీద కూడా తారీకు వేసి రెండు ముక్కలు రాసుకునే అలవాటుంది. ఆ ముత్యాల్లాంటి అక్షరాలు పెళ్ళైన కొత్తలో రాచెల్‌కి గర్వంగా ఉండేవి.

మొదటి కాగితం మీద, 'నేడు చెప్పలేదు' అని ఉంది. రెండో దాని మీద, 'నేడూ చెప్పలేదు.' మూడు, నాలుగు, అయిదో వాటి మీదా అదే. ఆరో దాని మీద, 'ఇంకా పైకి వెళ్ళనీ.' ఏడో దాని మీద తారీకు మాత్రమే ఉంది.

రాచెల్ ఫైలు పైట కింద పెట్టుకుని మెట్లు దిగింది. రోడ్డు మీద ఎవరో వందనాలమ్మా అన్నారు. ఎవరో ఆమె చూడలేదు.

---

దయాకర్ బాబు మూడు గంటలకి ఇల్లు చేరాడు. ప్రేమావతి గారు లోపలి గదిలో పడుకుని ఉంది. అతను కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చునేసరికి భోజనాల బల్ల మీద ఫైలు ఉంది.

రాచెల్ దాన్ని అతని వైపు తోసింది.

"తమ్ముడని దాసేరనుకున్నాను," అంది రాచెల్. "మొన్న మీ తరపున ఎస్తర్‌తో దెబ్బలాడేను కూడాను."

"అందరూ అలాగే అనుకుంటన్నారు."

"మరి ఎందుకు సెప్పలేదు?"

అతను సర్దిచెప్పడానికి ప్రయత్నించలేదు. మొదటి మెయిల్ వచ్చినప్పుడు ఫోన్ తీశానని, నంబరు కూడా నొక్కానని చెప్పాడు. అవతల మోగకముందే పెట్టేశాడు. చెబితే సత్యప్రకాష్ మానేస్తాడు. మానేస్తే పెద్దమనిషిగానే ఉండిపోతాడు. అప్పటిదాకా తెచ్చుకున్నదంతా అతనికే ఉండిపోతుంది.

"ఆ పని నేర్పింది నేను. నా పక్కన స్టూలేసుకుని కూకుని నేర్సుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు నేను ఒకరి ఆర్డర్లు కొట్టి పెట్టేను గానీ, రాంగ్ పని ఒకటి సెయ్యలేదు. వాడు రెండేళ్ళలో మేడ కట్టీసేడు. పడితే సూడాలనిపించింది. ఎంత పైకెక్కితే అంత గట్టిగా పడతాడు గదా అనుకున్నాను." అతను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తాడు సివర నా కాలికే కట్టుందని సూసుకోలేదు."

"దేవుడి మొహం ఎలా సూసేరండి ఇన్ని ఆదివారాలు?"

"నువ్వు ఎలా సూసేవో అలాగే."

రాచెల్ ఉలిక్కిపడింది.

చెల్లెలి కొత్త ఇంటికి పునాది వేసిన నాడు భోజనాలయ్యాక ఆమె అన్న మాట అతనికి అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం ఉంది. 'మీరు జీవితమంతా గుమ్మంకాడ కూకుని తలుపు తీస్తారు, లోపలికెళ్ళేవోళ్ళు వేరే.' ఆమె అప్పుడు నవ్వుతూనే అంది. అతనూ నవ్వాడు. నాలుగు రోజులకి మొదటి మెయిల్ వచ్చింది.

ఆ మాట అనలేదని చెప్పాలని రాచెల్ నోరు తెరిచింది. కానీ అన్నది. దారిలో ఆటోలో కూడా మరో రెండు మాటలు అంది. అవి అతను ఎత్తలేదు, అంతే.

ఆమెకి అతని మీద అసహ్యం రావాల్సింది. వచ్చింది కూడా. దాని అడుగునే మరొకటి కదిలింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ మనిషికీ తనకీ ఇంత దగ్గరతనం ఎప్పుడూ లేదనిపించింది. ఒకే కుళ్ళు ఇద్దరూ చెరో గదిలో పెంచుకున్నారు.

"కాల్సీ," అన్నాడు దయాకర్ బాబు మెల్లగా. "పెరట్లో పెట్టి కాల్సీ. ఇది లేకపోతే హెచ్చరించేనన్న నా మాట నా మాటే. లేదన్న వాడి మాట వాడిదే. ఎవుడూ తేల్చలేడు."

"సత్యలక్ష్మికి తెల్సు."

"ఆ అమ్మాయి నోరు ఇప్పదు."

రాచెల్ ఫైలు చేతిలోకి తీసుకుంది. పెరటి తలుపు వైపు రెండడుగులు వేసింది కూడా. అప్పుడే వీధి గేటు తీసిన చప్పుడైంది.

---

ఎస్తర్ రాణి ఒక్కతే వచ్చింది, ఆటోలో. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది, అయినా తల నున్నగా దువ్వుకుంది. ఈసారి తనంతట తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. రాచెల్ ఫైలు పక్కనున్న ఉతికిన బట్టల మీద బోర్లా పెట్టింది.

"బావ గారూ, మొన్న మీ తమ్ముడు నిలేసి మాట్లాడినందుకు ఏటీ అనుకోకండి," అంది ఎస్తర్. "రెండు రోజులు ఆలోసించేం. ఇంట్లో ప్రార్థన సేసుకున్నాం. ఆయన సేసిన తప్పుకి మిమ్మల్ని లాగడం నాయం కాదు."

సంచీలోంచి ఒక స్టాంపు కాగితం తీసింది. టైపు చేయించి ఉంది. కింద సత్యప్రకాష్ సంతకం ఉంది.

తనని దయాకర్ బాబు ఏడుసార్లూ పిలిచి హెచ్చరించాడని, తనే వినలేదని, తప్పంతా తనదేనని అందులో రాసి ఉందని చెప్పింది. ఇది ఇస్తే తన మొగుడు ఇంక జన్మలో షేర్ల జోలికి వెళ్ళే వీలుండదని, ఇల్లు కూడా జప్తు అవుతుందేమోనని వకీలు అన్నాడట. అయినా సరే అంది. ఇల్లు పోతే అద్దె ఇల్లు ఉంటుంది, ఆయన మళ్ళీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాడు అంది.

"మిమ్మల్ని కాపాడుకోకపోతే ఎలా బావ గారూ? మమ్మల్ని కాపాడబోయే కదా మీరు అబద్ధం రాసేరు." ఆమె అక్క వైపు తిరిగింది. "నీకు సెప్పలేదు గానీ అక్కా, నిన్ను సూస్తే నాకెప్పుడూ కుళ్ళే. మాకు ఎంతున్నా, బావ గారిలాగ ఒకరి కోసం నిలబడే మనిషి మా ఇంట్లో లేడనుకునేదాన్ని. ఈయేల ఆయన కూడా నిలబడ్డాడు. అది సాలు నాకు."

రాచెల్‌కి ఒళ్ళంతా మండినట్టైంది. పోర్టికో మీద పేరు చూసినా, రిజిస్టరు అప్పగించినా ఇంత మండలేదు. ఇల్లూ కారూ పోతున్న రోజున కూడా ఇదే తనకంటే ఎత్తున నిలబడింది. మంచితనంలో కూడా తనకి మిగల్చలేదు.

ఎస్తర్ కాగితం ముందుకు చాపింది.

దయాకర్ బాబు భార్య వైపు ఒక్కసారి చూశాడు. తరవాత చెయ్యి చాపాడు. చిల్లర అందుకునే మనిషిలా మామూలుగా చాపాడు.

"ఇవ్వకు," అంది రాచెల్.

ఇద్దరూ ఆమెని చూశారు. ఎస్తర్ చెయ్యి సగంలో ఆగింది.

"ఎందుకక్కా?"

రాచెల్ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మీ బావ మిమ్మల్ని కాపాడలేదు. మీరు పడాలని సూసేరు."

చెల్లెలికి ఆ గొప్పతనం దక్కకూడదనే తను అన్నదో, నిజం ఆగలేక బయటపడిందో రాచెల్‌కి తెలియలేదు. తెలుసుకోవడానికి వ్యవధి కూడా లేదు. బట్టల మీది ఫైలు తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

ఎస్తర్ మొదటి కాగితం చదివింది. రెండోది చదివింది. ఆరో దాని దగ్గర ఆగి, ఆ మూడు మాటల మీద వేలు పెట్టుకుని కూర్చుంది. దయాకర్ బాబు చాపిన చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకున్నాడో ఎవరూ చూడలేదు.

తరవాత ఆమె స్టాంపు కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. ఫైలు కూడా పెట్టుకుంది. లేచి నిలబడి బావని చూడలేదు. అక్కనే చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఈయేల పొద్దున్న."

అది నిజం. బహుశా చెల్లెలితో చాలా ఏళ్ళ తరవాత ఆడిన మొదటి నిజం. ఎస్తర్ రాణి ఆ నిజాన్ని కాసేపు అక్క మొహంలో వెతికి, నమ్మకుండానే గుమ్మం దిగింది.

లోపలి గది తలుపు దగ్గర ప్రేమావతి గారు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. ఆమె వీధి వైపు చూసి, పెద్దల్లుడి వైపు చూసి, ఆఖరికి పెద్దకూతురితో అంది.

"నా బట్టలు సర్దు రాచెల్. నేను ఎస్తరు కాడికెళ్ళి ఉంటాను."